కండక్టర్ ఉంటేనే కదిలే రంపం

ఈ రోజు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ, నేను భుజం కొలత తీస్తుంటే ముక్కు ఎగబీల్చి, "ఏందక్కా, నీ చేతులు వేపచెట్టు వాసనొస్తున్నయి, నడుమ నూనె వాసన గూడ వస్తాంది" అంది. సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు మరి. నిన్నటి గాలికి ఒరిగిన కొమ్మను తెల్లవారగానే కోసి, స్నానం చేసి వచ్చి దుకాణం తెరిచాను. పచ్చి వేప పొట్టు చేదు వాసనలో రంపం గొలుసు నూనె వాసన కలిస్తే నాకు ఒక మనిషి గుర్తుకొస్తాడు. జడ్చర్లలో జాకెట్లు కుట్టుకుని బతికే నా చేత కరెంటు రంపం పట్టించిన మనిషి, మా పక్కింటి నర్సింలు మామ.

మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. వాళ్ల ప్రహరీని ఆనుకుని ఉన్న రేకుల దుకాణం నేను కిరాయికి తీసుకున్న రోజు నుంచి ఆయన మామ, ఆయన భార్య ఎంకటమ్మ అత్త. ఆయన సర్కారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. సర్వీసులో ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యలేదన్న సంగతి, మంచినీళ్లు అడిగిన వాళ్లకు కూడా నీళ్లతో పాటు చెప్పి పంపేవాడు. రిటైరయ్యాక ఆ చేతులు ఊరికే ఉండలేకపోయాయి. అన్నం తింటున్నా ఎడమ చెయ్యి గేరు మారుస్తూనే ఉండేది. అది చూడలేక కూతురూ అల్లుడూ కరెంటు రంపం కొనిచ్చారు. సైకిల్ చెయినుకు పళ్లు మొలిచినట్టుండే గొలుసు, అది తిరగడానికి పొడుగాటి పట్టీ, వెనక మోటారు, దానికో వైరు. అత్త దాన్ని చూడగానే ఒకే షరతు పెట్టింది. "దీనితోని గీ ఇంట్ల ఒక్క నెత్తురు బొట్టు కారినా, గది పాత సామాను బండికే పోతది." మామ తలూపాడు. బస్సు పోయాక ఆయనకు మిగిలిన సంబరం అదొక్కటేనని మా గల్లీ అంతటికీ తెలుసు.

రంపం ఇంటికొచ్చినా ఆయనకు అది బస్సే. ముందు చుట్టూ తిరిగి చూసేవాడు. నూనె ఉందా, వైరు ఎక్కడైనా తెగిందా, గొలుసు బిగువు సరిగా ఉందా. పిడి ముందు ఒక అడ్డు ఉంటుంది, దాన్ని ముందుకు నెడితే గొలుసు ఆగిపోతుంది. తయారుచేసినవాళ్లు దానికేం పేరు పెట్టారో గానీ ఆయనకు అది హ్యాండ్ బ్రేకు. ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు జరగాలన్నా హ్యాండ్ బ్రేకు వేసి తీరాల్సిందే. అన్నిటికంటే వింత, కండక్టర్ లేనిదే ఆ రంపం కదిలేది కాదు. గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని ఒకరు నిలబడాలి. మామ కళ్లద్దాలు, చేతితొడుగులు, డ్యూటీ బూట్లు వేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి "రైట్" అంటే ప్లగ్గు పెట్టాలి, "హోల్డాన్" అంటే పీకాలి. పొద్దంతా పక్కనే దుకాణంలో ఉంటాను కాబట్టి ఆ ఉద్యోగం నాకు దక్కింది.

"బస్సుల రైట్ జెప్పేది కండక్టర్ గద మామా" అని ఒకసారి అడిగాను.

"గీ బండికి డ్రైవరే జెప్తడు. రిటైరైనంక గింతన్న ప్రమోషన్ ఉండాలె గద బిడ్డా" అన్నాడు.

కండక్టరుకు కూడా బండి సంగతి తెలియాలని ఆయన పట్టు. అన్నీ నా భాషలోనే చెప్పేవాడు. "గొలుసు జాకెట్టు లెక్క. మరీ బిగిస్తె ఊపిరాడది, వదులైతె జారిపోతది. వేలితోని లేపితె జర లేవాలె, ఇడిస్తె మల్ల కూసోవాలె." పొట్టును అరచేతిలోకి తీసుకుని చూపించేవాడు. రవ్వలా పడితే పళ్లు పదునుగా ఉన్నట్టు, పిండిలా పడితే ఆకురాయి పట్టాలన్నట్టు. పట్టీ కొసను ముక్కు అనేవాడు. "ముక్కుతోని కట్టెను పొడిచినవనుకో, ఎగిరి మొకం మీదికొస్తది. భుజం కన్న మీదికి లేపకు, నిచ్చెనెక్కి కొయ్యకు, వాన చినుకు పడితె ఇంట్లకు పో." ఇంత చెప్పిన మనిషే, ఒక చలికాలం గొలుసు నూనె అయిపోతే అత్త కొబ్బరినూనె తెచ్చి పోశాడు. తెల్లారేసరికి అది లోపల వెన్నలా పేరుకుపోయింది. ఎండిపోయిన గొలుసు వేడెక్కి పొగలు కక్కుతుంటే గల్లీ అంతా కొబ్బరి లౌజు వాసన. అత్త గడపలో నిలబడి, "నా నెత్తికి లేని నూనె కట్టెకు వెడ్తున్నవా" అంది. మామ "హోల్డాన్" అని నాతో అన్నాడు గానీ, ఆ మాట అత్తకే చెప్పినట్టు నాకు అనిపించింది.

దసరాకు మా దగ్గర బండ్లనూ పనిముట్లనూ కడిగి పూజ చేస్తాం. నా కుట్టుమిషన్‌కూ బొట్టు పెడతాను. మామ ఒక ఏడాది రంపానికి పసుపు కుంకుమ పూసి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కూడా కట్టాడు. పెండ్లికొడుకు కూడా అంత ముస్తాబవ్వడు. పండగ వెళ్లిన కొన్నాళ్లకు గాలివాన వచ్చి వాళ్ల వేపచెట్టు కొమ్మ ఒకటి ఒరిగి, ప్రహరీ మీద ఆని, నా దుకాణం రేకుల మీదికి చాచుకుంది. ఆ రోజు నాకు పెండ్లివాళ్ల జాకెట్ల పని మీద పడి ఉంది. మక్తల్ నుంచి అత్త తమ్ముడు కిష్టయ్య వచ్చి ఉన్నాడు. గొర్ల మంద తప్ప వేరే లోకం లేని అమాయకుడు. మామ అతనికి ప్లగ్గు ఇచ్చి, "నేను ఏం మాట్లాడినా ఇనకు. రైట్ అంటె పెట్టు, హోల్డాన్ అంటె పీకు. గంతే" అని చెప్పడం దుకాణంలో నాకు వినిపించింది.

కొమ్మ సగం తెగిందో లేదో రంపం మూలిగి ఆగిపోయింది. "హోల్డాన్" అన్నాడు మామ. కిష్టయ్య ప్లగ్గు పీకాడు. మామ బ్రేకు వేసి, రంపాన్ని బయటికి లాగి, ఒళ్లో పెట్టుకుని కూర్చుని, చేతితొడుగు తీసేసి గొలుసు సందుల్లో వేళ్లు పెట్టి వెతకసాగాడు. నేను బయటికొచ్చి చూస్తే మోటారు పక్కన బంతిరేకలు కనిపించాయి.

"పూజ దండ దారం లోపట చుట్టుకున్నట్టుంది మామా" అన్నాను.

"రైట్" అన్నాడు మామ.

గోడ దగ్గర నుంచి కిష్టయ్య గొంతు వినిపించింది. "పెట్టిన బావా. నడుస్తలేదు ఎందుకో."

మామ తన చేతుల వంక చూసుకున్నాడు. ఒక చేతి వేళ్లు గొలుసు పళ్ల మీద ఉన్నాయి. పిడి పట్టుకున్న రెండో చెయ్యి తెలియకుండానే రంపాన్ని నడిపే మీటను నొక్కి పట్టుకుని ఉంది. బ్రేకు వేసి ఉండబట్టి ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం కూడా అంత భయంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నేను ఉరికి వెళ్లి ప్లగ్గు పీకాను. గడపలో అత్త నిలబడి ఉంది.

"నెత్తురు కారలే" అన్నాడు మామ మెల్లగా.

"కారెదాంక ఆగుమంటవా?" అంది అత్త.

ఆమె రంపాన్ని పాత చీరలో చుట్టి లోపల పెట్టేసింది. పాత సామాను బండి వచ్చిన రోజు ఇచ్చేస్తానంది. మామ "తప్పు డ్రైవర్‌దే" అని అరుగు మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మళ్లీ గేరు మార్చడం మొదలుపెట్టింది. నాకు చూడబుద్ధి కాలేదు. పైగా సగం తెగిన కొమ్మ నా రేకుల మీద వేలాడుతోంది. గొడ్డలితో కొడితే ఆ అదురుకు కొమ్మ కంటే ముందు దుకాణం కూలుతుంది. అత్త దగ్గరికి వెళ్లి బతిమాలాను.

"మిషన్‌ది తప్పు లేదు. మాటది తప్పు. రైట్ అనేది ఊకె నోట్లకెల్లి వస్తనే ఉంటది. పొరపాటున గూడ రాని మాట ఉండాలె" అంది అత్త. కిష్టయ్య ఉత్సాహంగా "గొర్రె అందామా అక్కా" అన్నాడు. "నీ నోట్లె అది తప్ప వేరే మాట ఉందార" అని కసిరి, తల దించుకుంది. "నా నోట్లకెల్లి పొరపాటున గూడ రాని మాట ఒక్కటే ఉంది. కండక్టర్ నేనే అయిత."

నాకు వెంటనే అర్థమైంది. అత్త మొగుడి పేరు చెప్పగా విన్నవాళ్లు లేరు. దవాఖానలో చీటీ రాయించేటప్పుడు కూడా నా మోచెయ్యి పొడిచి నా చేత చెప్పించేది.

మర్నాడు పొద్దున గల్లీ అంతా పని మానుకుని వచ్చింది. దారం తీసి, తుడిచి, నూనె పోసిన రంపంతో మామ నిలబడి "తయార్" అన్నాడు. అత్త ఆయన కళ్లద్దాలు చూసింది, బూట్లు చూసింది, బ్రేకు చూసింది. ప్లగ్గు పట్టుకుని గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బండి లేటైతాంది" అన్నాడు మామ.

"నర్సింలు" అంది అత్త, గోడతో చెబుతున్నట్టు. అని ప్లగ్గు పెట్టింది.

"ఆఁ" అని పలికాడు మామ. చెవులు ఎర్రబడ్డాయి. రంపం సంగతి మరిచిపోయి ఆమె వీపు వంకే చూస్తూ నిలబడిపోయాడు.

"పలుకుడు గాదు, కొయ్యి" అంది అత్త. గల్లీ అంతా గొల్లుమంది. కొమ్మ వాళ్ల వాకిట్లోనే పడింది, నా రేకులకు గీత కూడా పడలేదు. ఆ తర్వాత ఎన్ని కొమ్మలు కోసినా అదే వరస. ఆమె పేరు పిలవడం, ఆయన "ఆఁ" అనడం, అప్పుడు రంపం కదలడం.

నిరుడు మామ నిద్రలోనే పోయాడు, పది వేళ్లూ చక్కగా ఉండగా. దినాలు అయ్యాక అత్త రంపాన్ని అదే పాత చీరలో చుట్టి నా దుకాణానికి తెచ్చి, "ఊకె పెడితె తుప్పువడ్తది. నీకే నేర్పిండు గద" అంది. ఇప్పుడు కుట్టుమిషన్ సూది మార్చాలన్నా ముందు ప్లగ్గు పీకుతాను. దసరాకు రంపానికి బొట్టే గానీ దండ వెయ్యను. పని అయ్యాక రంపం మూత విప్పి పొట్టు దులపనిదే నాకు అన్నం సయించదు. ఇవన్నీ ఆయన ఇచ్చి పోయినవే.

ఈ రోజు పొద్దున నేను చున్నీ తీసేసి, మా ఆయన చొక్కా తొడుక్కుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాక అత్తను అడిగాను. "ఇప్పుడు మనిద్దరమే గద అత్తా. వేరే మాటేదన్న వెట్టుకుందమా?"

అత్త ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. "బతికినన్ని దినాలు గీ రంపం కాడ్నే పేరుతోని పిలిచిన ఆయినను. ఇప్పుడు గది గూడ బంద్ వెట్టుమంటవా" అంది.

గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకోకుండా, "నర్సింలు" అంది. ప్లగ్గు పెట్టింది. నేను ఆ "ఆఁ" కోసం ఒక్క క్షణం ఆగి, బ్రేకు వదిలి మీట నొక్కాను.