మూతి మూయని కుడుము

అతని పేరు అడగనే లేదు. తమ్మీ అన్న, అంతే.

సెలవులకు థాయ్‌లాండ్ దీవికి పోయినం. డిమ్ సమ్, అంటే అక్కడి ఆవిరి కుడుములు, ఎక్కడ బాగుంటయంటే హోటలోళ్లు సముద్రం ఒడ్డున పెద్ద రెస్టారెంటు చెప్పిన్రు. దారి తప్పి మార్కెట్ వెనక చిన్న దుకాణంల తేలినం. ఆవిరి బుట్టల కాడ నిలబడ్డ మనిషి నా చీర అంచు చూసి, "గద్వాలేనా అక్కా?" అన్నడు.

అతనిదీ మా గద్వాలే, మగ్గాల ఇల్లే. పిండి బిళ్లల రొయ్యల ముద్ద పెట్టి, పోగులు అతికినట్టే రెండు వేళ్లతోని మెలితిప్పి మూస్తుండు. ఆఖరి కుడుము మాత్రం మూతి మూయకుండ పళ్లెంల పెట్టి అటక మీద ఉంచిండు. మా ఇండ్లల్ల చీర దిగినంక మగ్గానికి పాత పోగులు వదిలేస్తరు, కొత్త చీరకు పడుగు, అంటే నిలువు పోగులు, వాటికే అతుకుతరు. రేపు కూడా పని ఉన్నదని దాని అర్థం; ఈ కుడుమూ గట్లనే.

"ఊరికి ఎప్పుడొస్తవు తమ్మీ?"

"పాస్‌పోర్టు ఈ దుకాణం సేటు దగ్గరున్నది. మొన్న తనది అడిగిన పనోడు మల్ల కనపడలే. రేపు నేను అడుగుత." గుమ్మం దిక్కు చూసి గొంతు తగ్గించిండు. "పొద్దుగాల్నే రాండ్రి అక్కా. సేటు ఉంటే నాతోని మాట్లాడకుండ్రి."

తెల్లారి పోయేసరికి బుట్టల కాడ ఇంకెవరో ఉన్నడు. నిన్నటి మనిషేడని సైగ చేసిన. గట్లాంటోడు ఎవరూ లేడన్నట్టు గల్లా కాడి సేటు నవ్వుకుంట చెయ్యి ఊపిండు.

అటక మీద పళ్లెం అట్లనే ఉన్నది. ఆ కుడుము మూతిని ఎవరో బొటనవేలితోని నొక్కి మూసేసిన్రు.