ఫర్నేసు తెరవద్దన్న గొంతు

దెయ్యాల కబుర్లంటే నాకు భయం కాదు, విసుగు. హాస్టల్లో ఎవరైనా మొదలుపెడితే ముసుగుతన్ని పడుకునేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

విజయనగరంలో ఓ ప్రభుత్వ యూనివర్సిటీలో మెటీరియల్స్ ఇంజినీరింగ్ పీహెచ్‌డీ చేశాను. మా ఊరి రైసుమిల్లు ఊక బూడిదతో పింగాణీ లాంటి బిళ్లలు చేయడం నా పని. వాటిని ఫర్నేసులో కాల్చి, పూర్తిగా చల్లారాకే తలుపు తియ్యాలి. తొందరపడితే చల్లగాలి తగిలి పగిలిపోతాయి.

ఈ పని నాకు నేర్పింది సీనియర్ నీలవేణక్క. ఉద్దానం వైపు కుమ్మరుల ఇంటి పిల్ల. వాళ్లింట్లో కుండలు కాల్చే ఆము విప్పాలంటే ఇంటి పెద్దామె సరే అనాలట. మా ల్యాబులోనూ అదే పద్ధతి పెట్టింది. తను వచ్చి ఫర్నేసు ముందు నిలబడి "తియ్యే సెల్లీ" అంటేనే తలుపు తీసేవాళ్లం. పెద్దరికం వెలగబెడుతున్నావని ఏడిపించేదాన్ని.

తన థీసిస్ సగంలో ఉండగానే కిడ్నీల జబ్బు ఆమెని తీసుకుపోయింది. డయాలసిస్ చేయించుకున్న మర్నాడు, మాట పైకి రాని నీరసంలో కూడా వచ్చి నా బిళ్లలు చూసేది. అంత మంచి మనిషికి అలా జరిగిందంటే నాకిప్పటికీ కడుపు మండిపోతుంది.

ఆమె పోయిన మరుసటి ఏడాది. ఉన్న బూడిద పొడంతా చివరి విడత బిళ్లలకే అయిపోయింది. గడువు ముంచుకొస్తోంది. అవి పగిలితే పీహెచ్‌డీకి నీళ్లొదులుకోవడమే. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. ఫర్నేసు మీద అంకె మామూలు గది వేడికి దిగింది. చేతులకి తొడుగులున్నాయని ఫోన్ స్పీకర్లో పెట్టి, అమ్మతో మాట్లాడుతూనే తలుపు పిడి పట్టుకున్నాను.

"ఒసే, నీ పక్కనెవులే?" అంది అమ్మ.

ఎవరూ లేరన్నాను.

"ఎవులో ఆడపిల్ల. 'ఇప్పుడొద్దు సెల్లీ, ఇంకా సల్లారలేదు' అంతన్నాది. ఏటే సల్లారాల, అన్నమేటి?"

నాకు మాత్రం ఏమీ వినిపించలేదు. పిడి వదిలేసి తలుపు సందులోకి వంగి చూశాను. లోపల ఎర్రగా నిప్పులా ఉంది. వేడి కొలిచే తీగ వెనక్కి జారి బయటికొచ్చేసి, గది వేడినే చూపిస్తోంది. ఒక్క పరుగున బయటికి వెళ్లాను. వరండాలో ఎవరూ లేరు. అమ్మ నీలవేణక్క గొంతు ఎన్నడూ వినలేదు. ఫోన్లో వేరే లైను కలిసిందనుకుందామంటే, సరిగ్గా ఆ మాటలే ఎందుకు కలుస్తాయి?

బిళ్లలు ఒక్కటీ పగల్లేదు. డిగ్రీ వచ్చాక ఉద్దానం వెళ్లి నీలవేణక్క తల్లికి అంతా చెప్పాను. ఎలా జరిగిందో నాకు తెలీదని కూడా చెప్పాను. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇవాళ్టికీ నాకు తెలీదు. ఆవిడ ఆ సంగతే అడగలేదు.

"గొంతు నీరసంగా ఉన్నాదేటమ్మా?" అంది.

అక్కణ్ణించే మా అమ్మకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి అడిగాను. "నీరసమేటే, గదమాయించినట్టు అన్నాది" అంది అమ్మ.

ఆ తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది.

"అయితే బాగానే ఉన్నాదమ్మా" అంది.