పిల్లింగ్ పేరున దొరకని నివేదిక

లాంకషైర్‌లోని ఆ ఊరి గ్రంథాలయంలో సర్కారు ప్రచురణల గది హిల్డా థ్రెల్‌ఫాల్‌ది. వయసంతా అందులోనే గడిచింది. ఆవిడకు ఒళ్లు మండేది లండన్‌లోని సర్కారు మీద. బీరువాకి గనుల శాఖ అని చీటీ అంటిస్తే, జిగురు ఆరేలోపే ఆ శాఖని ఇంకోదాంట్లో కలిపేసేవారు. జనమూ తక్కువ తినలేదు. ఏ విచారణ నివేదికనైనా అధ్యక్షుడి పేరుతోనే అడుగుతారు. సూచికలో చూస్తే అది శాఖ పేరున ఉంటుంది.

"నీలం అట్టదండీ" అనేవాళ్లు కొందరు.

"అన్నీ నీలమే నాయనా!" అని విసుక్కునేది.

1972 మార్చిలో ఎనక్ ఆష్‌వర్త్ అనే ముసలాయన వచ్చి టోపీ తీశాడు.

"పిల్లింగ్ నివేదిక కావాలి తల్లీ. ముప్పై ఒకటిలో మా గని తగలబడిందే, దానిది. లోపల గాలిని అదుపుచేసే తలుపు మా నాన్నే తెరిచి వదిలేశాడని, అందుకే మంటలు పాకాయని అంటారు. ఆయనా అందులోనే పోయాడు. సోమవారం స్మారక రాయి మీద పోయినవాళ్ల పేర్లు చెక్కుతున్నారు. ఆయన పేరు వద్దంటున్నారు."

పిల్లింగ్ పేరున ఏమీ లేదు. గనుల శాఖ కిందా ఆ పేరు లేదు, ఇంధన శాఖ కిందా లేదు.

"దిక్కుమాలిన సర్కారు! పేర్లు మార్చడానికైతే తీరిక ఉంటుంది!"

టీ చల్లారిపోయింది. చివరికి పేరు సంగతి వదిలేసి, ఆ ఏడాది గని నివేదికలన్నీ ఒక్కొక్కటే తెరిచింది. దొరికింది. చివర సంతకం స్టాన్స్‌ఫీల్డ్‌ది. పిల్లింగ్ విచారణ మధ్యలోనే చనిపోతే ఈయన వచ్చి ముగించాడట. ఊళ్లోకి వచ్చి విచారణకి కూర్చున్నవాడు పిల్లింగే కాబట్టి ఊరు ఆ పేరే పట్టుకు వేళ్లాడింది.

తలుపు తెరవమన్నది పై అధికారి. వద్దని వారించినవాడు ఎనక్ తండ్రి ఆష్‌వర్త్. అలా అచ్చులో ఉంది.

ఎనక్ వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. "ఇదెప్పట్నుంచి ఇక్కడుంది?"

"అచ్చయినప్పట్నుంచీ. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు" అంది హిల్డా, అలవాటుగా.

"మా అమ్మ ఈ వీధి చివరే ఉండేది తల్లీ. పోయేదాకా చర్చిలో ప్రార్థనకి అందరూ లోపలికెళ్లాకే వెళ్లేది, ఎవరి కంటా పడకూడదని."

హిల్డాకి ఈసారి లండన్‌ని తిట్టబుద్ధి కాలేదు. ఆ నివేదిక ఉన్న బీరువా తాళంచెవి ఇన్నేళ్లూ తన దగ్గరే ఉంది.