ఖాళీ స్తంభానికి మోగిన గంట

ఎత్తున కూర్చునేవాళ్ళందరికీ ఒక జబ్బు పట్టుకుంటుంది. కింద ఉన్నదంతా తమకు కనిపిస్తోందనుకుంటారు. బురుజు మీది కాపలావాడికీ, ఓడ స్తంభమెక్కి తీరం కోసం వెతికేవాడికీ, సింహాసనం మీది రాజుకీ ఇది ఉండేదని పాత కథలన్నీ చెబుతాయి. మేడ మీద బట్టలారేసే ఇల్లాలికి కూడా కాస్త సోకుతుంది; వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదంటుంది. డేగకు మాత్రం ఈ జబ్బు బాగా ముదిరింది.

డేగ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఇనుప దూలాలు దించి పేర్చే పెద్ద రేకుల షెడ్డులో అతను క్రేను డ్రైవరు. షెడ్డుకు రెండువైపులా స్తంభాల వరసలు, వాటి తలల మీద పట్టాలు, ఆ పట్టాల మీద అటూ ఇటూ పాకే క్రేను, దానికి కుడి చివర గాజు అద్దాల కేబిను. నిట్టనిలువు ఇనుప నిచ్చెన ఎక్కి పొద్దున్నే అందులో కూర్చుంటే మళ్ళీ తిండికే దిగడం. అంత ఎత్తు నుంచి కింద పడ్డ నట్టును కూడా చూపించి "అదిగో, తీసి జేబులో వేసుకో, లేకపోతే ఎవడో కాలు జారతాడు" అనేవాడు. అలా డేగ అయ్యాడు. ఇప్పుడు జుట్టు నెరిసినా డేగే.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. డేగ రాకముందెప్పుడో బరువు కింద పడి ఒక మనిషి పోయాడట. అప్పటి నుంచీ పొద్దున్నే మొదటి బరువు లేపేముందు కింద పనిచేసే ప్రతివాడూ తన చోట నిలబడి చెయ్యి పైకెత్తాలి. డ్రైవరు ఒక్కొక్కరినే చూసి, కాలికింద ఉన్న గంట ఒక్కొక్కరికీ ఒకసారి మోగించాలి. నిన్ను చూశాను అని దానర్థం. గంట పడని వాడు పనికి దిగడు. పెళ్ళిలో తాళి లాంటిది ఆ గంట, పడితే నమ్మకం, ఇంకా మాట్లాడేదేమీ లేదు.

డేగకు ఆ గంటంటే గర్వం. ముఖ్యంగా బావమరిది ముందు.

బావమరిది పాస్టరు. సైకిళ్ళ కొట్టు పైనున్న గదిలో బెంచీలు వేసి ప్రార్థన జరుపుతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కగారింటికి భోజనానికి వస్తాడు, చేతులు కడుక్కునేలోపే వాదన మొదలవుతుంది. పుస్తకాలు చదివేవాళ్ళు రెండు రకాలు. సందేహాలు తీర్చుకోవడానికి చదివేవాళ్ళు, ఎదుటివాడికి సందేహాలు అంటించడానికి చదివేవాళ్ళు. డేగ రెండో రకం. హేతువాదుల సభలకు వెళ్ళేవాడు, నక్షత్రాల గురించీ కోతుల గురించీ లావుపాటి పుస్తకాలు చదివేవాడు. కన్ను, కొలబద్ద, నలుగురి సాక్ష్యం, ఈ మూడింటికీ అందనిది లేనట్టే అనేవాడు. అందులో తప్పు పట్టడం బావమరిదికి కూడా అంత తేలిక కాదు. వంతెన కట్టేవాడు ప్రార్థన చేసి ఊరుకుంటే చాలదు, ఇనుము కొలవాల్సిందేనని అతనూ ఒప్పుకునేవాడు.

"కొలిచినంత మేరకే ఉంటుందంటావు చూడు, అక్కడే నీతో పేచీ బావా" అన్నాడొకసారి. "నిజం ఒక సంగతి మాత్రమే అయితే మనం దాన్ని పరీక్షించి ఊరుకుంటాం. మేం నమ్మేది నిజమంటే ఒక మనిషి అని. మనిషైతే ఆయన కూడా మనల్ని చూస్తాడు."

"చూస్తే ఏదిరా రుజువు? నేను చూస్తే గంట మోగుతుంది. మీ ఆయన ఎప్పుడైనా కొట్టాడా?"

బావమరిది నవ్వి అన్నం కలుపుకున్నాడు. డేగ భార్య నవ్వలేదు. ఆమె భర్త ఎడమచేతి పక్కన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని చాలాసేపటి నుంచి నిలబడి ఉంది.

ఈ గ్లాసు సంగతి ఆమెకు ముందే తెలుసు. ఎడమవైపు పెట్టిన గ్లాసు ఆయన చెయ్యి తగిలి ఒలికిపోతోంది. తలుపు చెక్క భుజానికి తగులుతోంది. ఆమె పక్కన నిలబడి నోరు విప్పేదాకా ఆయన ఉలకడు, విప్పితే ఉలిక్కిపడతాడు. "పిల్లిలా వస్తావేమే? అడుగుల చప్పుడు కూడా చర్చిలో వదిలేసొచ్చావా?" అని కసురుతాడు. మొదట్లో ఆమె గాజులు గలగలలాడించుకుంటూ వచ్చేది. తర్వాత ఒకరోజు ఊరికే నిలబడి చూసింది. ఆయన పుస్తకం చదువుకుంటున్నాడు, అక్షరం పొల్లుపోకుండా. ఆమె చెయ్యి ఆయన చెంప పక్కకు తీసుకెళ్ళి వేళ్ళు ఆడించింది. పేజీ తిప్పాడు.

ఆ సాయంత్రం చెప్పింది. నవ్వాడు. ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షమైతే ఎవరు మాత్రం చూస్తారన్నాడు.

"నేను ప్రత్యక్షం కాలేదండీ. ఇక్కడే ఉన్నా. మీరు చూడనంత మాత్రాన లేకుండా పోతానా?"

దానికి అతని జవాబు కంపెనీ కంటి పరీక్ష. గోడకు అక్షరాల అట్ట, ఎదురుగా కుర్చీ. అడుగు వరసలో చీమల్లాంటి అక్షరాలు కూడా టకటకా చదివేశాడు. డాక్టరు భుజం తట్టి పంపాడు. ఇంటికి వచ్చి గుమ్మంలోనే ప్రకటించాడు, కన్నూ కొలబద్దా రెండూ సాక్ష్యం చెప్పాయి, ఇక మీ అక్కాతమ్ముళ్ళు ఉపవాసముండి కొత్త జబ్బేదైనా కనిపెట్టండని. తమ్ముడు కూడా గమనించి ఏదో అనబోతే ఆమె వద్దని సైగ చేసింది. మాట పెరిగితే మనిషి మొండికేస్తాడని ఆమె భయం.

అట్ట ఎదురుగా ఉంటుంది. దానికి పక్కలుండవు. డేగ కళ్ళకు మధ్యలో చూపు చెక్కుచెదరలేదు. అంచుల నుంచే లోకం కొంచెం కొంచెంగా కరిగిపోతోంది. పైగా అలా పోయినచోట నల్లగా కూడా ఉండదు. అక్కడ ఏదో లేదన్న సంగతే తెలియదు. గోడ ఉంటే గోడతో, ఆకాశముంటే ఆకాశంతో మనసే ఆ ఖాళీని పూడ్చేస్తుంది. అందువల్ల డేగకు లోకం ఎప్పటిలాగే నిండుగా ఉంది. అందులోంచి అప్పుడప్పుడూ మనుషులు ఊడిపడుతున్నారు, అంతే.

షెడ్డులో సిగ్నళ్ళిచ్చేవాణ్ణి అందరూ పొడుగు అంటారు. ఎడమ వరసలో మూడో స్తంభం అతని చోటు. అక్కడ మేకుకు తువ్వాలు తగిలించుకుని చేతులతో పైకి, కిందికి, ఆగు అని సైగలు చేస్తాడు. ఒకరోజు పొద్దున్న పొడుగు చెయ్యెత్తాడు, గంట పడలేదు. ఇంకా ఎత్తాడు, పడలేదు. "ఏంటన్నా, ఇంతకంటే పొడుగు పెరగమంటావా?" అని అరిచాడు. షెడ్డంతా నవ్వింది. డేగ తల తిప్పి చూసి గంట కొట్టాడు. మరో రెండుసార్లు అలాగే అయ్యాక పొడుగు తనంతట తనే షెడ్డు మధ్యకు వచ్చి నిలబడటం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు మధ్యకు జరిగారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. నలుగురూ కలిసి మౌనంగా ఒప్పుకుంటే అబద్ధానికి కూడా కాళ్ళూ చేతులూ మొలుస్తాయి.

డేగకు ఒళ్ళు మండింది. నడివీధి నాటకమా ఇది, ఎవడి చోటికి వాడు పొండని పైనుంచి కేకలేశాడు. అందరూ వెనక్కి వెళ్ళారు. ఆ మర్నాడు చేతులు లేచాయి. ఎదురుగా ఉన్నవాళ్ళు కనిపించారు. ఎడమ వరస నిశ్శబ్దంగా, శుభ్రంగా, ఎవరూ లేనట్టు ఉంది. అక్కడ మనుషులున్నారని అతనికి తెలుసు. తల తిప్పి వెతికితే కిందున్నవాళ్ళు గమనిస్తారు. తిప్పలేదు. మూడో స్తంభానికి లెక్క ప్రకారం ఒక గంట కొట్టాడు.

ఏమీ కాలేదు. మర్నాడూ కొట్టాడు. ఎవరి చోట వాళ్ళుంటారు, ఇన్నేళ్ళ అనుభవం, దీన్ని నమ్మకమనరు, లెక్క అంటారు, అని తనకు తనే చెప్పుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం మొదలుపెట్టాక గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగదు. రోజూ పొద్దున్న కేబినులో కూర్చుని, చూడని చేతులకు చూసినట్టు గంటలు కొడుతున్నాడు. కింద మనుషులు ఆ గంటలు విని తలలు వంచి పనిలోకి దిగుతున్నారు. ఇంట్లో అతను వాదించడం తగ్గించాడు. బావమరిది ఆదివారం వచ్చి ఎదురు చూసి చూసి తనే వాతావరణం గురించి మాట్లాడాడు.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. రేకుల కింద దీపాలు వేసినా షెడ్డు మసకగానే ఉంది. చేతులు లేచాయి. డేగ ఎదురుగా ఉన్నవాళ్ళకు కొట్టాడు, ఆ పైన ఎడమ వరసకు కొట్టాడు, మూడో స్తంభానికి కొట్టాడు. గొలుసులు తగిలించినవాడు లేపమని బొటనవేలు చూపించాడు. దూలాల కట్ట నేలను వదిలి లేచి, నెమ్మదిగా ఎడమ గోడ వైపు కదిలింది. అక్కడే దాన్ని దించాలి.

బరువు మీద నుంచి చూపు తీయకూడదు. డేగ చూపు బరువుతో పాటే జరుగుతూ వెళ్ళింది. కట్ట మూడో స్తంభాన్ని దాటుతుంటే ఆ గాలికి మేకుకున్న తువ్వాలు ఊగింది. చూపు దాని మీద పడింది. తువ్వాలు ఉంది. దాని కింద మనిషి లేడు.

తను గంట కొట్టింది ఖాళీ స్తంభానికి.

టీకి వెళ్ళి ఉంటాడు, అనుకున్నాడు. ఇంకెక్కడో ఉంటాడు. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు, ఇవాళ మాత్రం ఎందుకవుతుంది? బరువు కదులుతూనే ఉంది. ఆపి అడిగితే షెడ్డంతటికీ తెలిసిపోతుంది, ఇవాళ్టి గంట ఒక్కటే కాదు, ఇన్నాళ్ళ గంటలూ దొంగవని. ఆ పైన ఈ కేబిను లేదు, డేగ లేడు. అడగకపోతే ఏదీ మారదు. గోడ దగ్గర చూపు వెతికింది. గోడ కనిపించింది, నిండుగా, ఏ లోటూ లేకుండా. అదే అతన్ని భయపెట్టింది. అచ్చం ఇలాగే నిండుగా ఉన్న చోటు నుంచి భార్య గొంతు వినిపించేది. నేను ఇక్కడే ఉన్నా. మీరు చూడనంత మాత్రాన లేకుండా పోతానా?

చెయ్యి లివర్ని వెనక్కి లాగింది. క్రేను కీచుమని ఆగింది. ఆగిన క్రేను కింద బరువు ఆగదు. కట్ట ముందుకు ఊగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు ఊగింది. డేగ అద్దం పక్కకు తోశాడు.

"ఒరేయ్ పొడుగూ, ఎక్కడున్నావురా? నాకు కనపడటం లేదు."

షెడ్డులో చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గొలుసు మాత్రం మూలుగుతోంది.

"నాకు పక్కలు కనపడవు రా. ఎన్నాళ్ళ నుంచో కనపడవు. ఎక్కడున్నావో చెప్పు."

ఎవరూ లేని చోటు నుంచి జవాబు వచ్చింది.

"బరువు కిందే ఉన్నానన్నా. కదిలించకు."

దూలాలు దించేచోట చెక్క దిమ్మలు పేర్చడానికని గంటలకు ముందే గోడ దగ్గరికి వెళ్ళాడు పొడుగు. వంగి దిమ్మలు సర్దుకుంటున్నాడు, వీపు క్రేను వైపు. ఊగే కట్ట కింద నుంచి మోకాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చాడు. వచ్చాడని పదిమందీ కేకలేసి చెప్పేదాకా డేగ లివరు వదల్లేదు. ఆ తర్వాత వేళ్ళు వాటంతటవి విడిపోలేదు. ఎడమచేత్తో ఒక్కొక్కటీ ఊడదీసుకున్నాడు.

నిచ్చెన దిగి పొడుగు ఎదురుగా నిలబడ్డాడు. రోజూ నీకు కొట్టింది దొంగ గంటరా అన్నాడు. పొడుగు మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ ఆ సంగతి తనకు తెలుసన్నాడు. ఒకటి రెండుసార్లు చెయ్యి ఎత్తకుండా చూశాడట. అయినా మోగిందట.

"మరి చెప్పలేదేంరా?"

"ఏం చెప్పనన్నా? నీ అన్నం నీ కళ్ళల్లో ఉంది. అందుకే వెనక్కి చూసుకుంటూ పని చేసుకునేవాణ్ణి. ఇవాళ చలికి చేతులు పట్టేసి ఆ ధ్యాసలో పడ్డా. గంట వినబడగానే పాత అలవాటు కొద్దీ నమ్మేశా."

పెద్దాసుపత్రిలో డాక్టరు దాని పేరు నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుందట. పోయింది రాదు, ఉన్నది చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి. ఎన్నాళ్ళు నిలుస్తుందంటే డాక్టరు బల్ల మీది కలం సర్దాడు. క్రేను ఇంకొకరికి వెళ్ళింది. ఆదివారం బావమరిది వచ్చాడు. గెలిచినవాడి మొహం కాదు అతనిది.

"నువ్వూ చూశావట్రా, నా కళ్ళ సంగతి?"

"చూశాను బావా. వారం వారం నిజం గురించి అంతసేపు చెప్పే నోరు, నీ ముందు తెరవలేకపోయాను. అక్క వద్దంది, అంతకంటే ఈ ఇంట్లో భోజనం చెడగొట్టుకోలేకపోయాను. నువ్వు ఒప్పుకోవడానికి ముందు, నేను ఒప్పుకోవాల్సింది."

డేగ ఎగతాళి చేస్తాడని అతను ఆగాడు. డేగ ప్రార్థన చేయించుకోలేదు, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నువ్వు చెప్పే ఆయన ఉన్నాడో లేడో నాకు తెలియదు, నాకు తెలియదని మాత్రం ఇప్పుడు తెలుసు, అన్నాడు. అన్నం కలుపుకోబోయి ఎడమవైపు చెయ్యి చాపి, గ్లాసు ఎక్కడుందో జాగ్రత్తగా తడుముకున్నాడు.

ఇప్పుడు ఇంట్లో కొత్త అలవాటు ఒకటి వచ్చింది. కుర్చీలో కూర్చుని ఉన్నట్టుండి "ఉన్నావా?" అంటాడు. వంటింట్లో ఉన్నా, పక్కనే ఉన్నా భార్య "ఉన్నా" అంటుంది. చూపు మిగిలిన కిటికీ నెలనెలా ఇరుకవుతోంది. మొన్న చీకటి పడే వేళ ఆమె అతని కుడిపక్కన, అతని భుజానికి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆమె అక్కడున్నట్టు అతనికి తెలుసు. అయినా తల ఎడమవైపు తిప్పి, గోడ తప్ప ఏమీ లేని ఆ వైపు చూస్తూ, మెల్లగా అడిగాడు.

"ఉన్నావా?"

ఆమె జవాబివ్వలేదు. ఆ ప్రశ్న తనకు కాదని, తమ్ముడు చెప్పే ఆయనకని ఆమెకు అర్థమైంది. భుజం మీద చెయ్యి తీయకుండా, అతనితో పాటు తనూ చెవులు రిక్కించింది.