బుద్రమ్మ మా పాపను ఆడించిన రోజులు

మొన్న సంతలో ఒక ముసలామె వలిసె నూనె సీసా మూత తీసి, వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టింది. గానుగ నుంచి అప్పుడే తెచ్చిన నూనె. వేయించిన గింజల కమ్మదనం, దాని వెనక పచ్చి ఆకు ఘాటు. ఆ వాసన తగలగానే నా అరచేతులు వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి. పసిబిడ్డ ఒంటికి నూనె రాసేముందు చేతులు వేడి చేసుకోవాలని నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చింది. ఆమె పేరు బుద్రమ్మ. పోయిన ఏడాది వానల్లో జ్వరం వచ్చి చనిపోయింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసింది, మిగిలిన వేళల్లో ఇంటి వెనక మెట్ట చెక్కలో చోళ్లు, అదే రాగులు, పండించుకుంది. ఆమె గురించి రాసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి నేనే రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందటి మాట. అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను లెక్కల టీచరుని. మాది రాజవొమ్మంగి. నాన్న మిషన్ బడిలో పంతులు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవారు. మా ఆయనకు డొంకరాయి పవర్‌హౌస్‌లో ఉద్యోగం. రెండు వారాలకోసారి బస్సులు మారి మారి వచ్చి, ఒక రోజు ఉండి వెళ్లేవారు. పాప పుట్టాక అమ్మ నెలన్నర నా దగ్గర ఉంది. అంతలో నాన్నకు ఒంట్లో బాగోలేదని కబురొస్తే వెళ్లక తప్పలేదు. ప్రసవ సెలవులో నేను, కృప అని పేరు పెట్టుకున్న మా పాప, రెండు గదుల అద్దె ఇల్లు మిగిలాం. మా గోడ పక్కనే అంగన్‌వాడీ కేంద్రం.

నాకు బిడ్డను చూసుకోవడం రాదని ఎవరైనా అంటే అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు. వేళకు పాలు, వేళకు స్నానం, ఉతికి ఆరేసిన మెత్తటి గుడ్డలు, అన్నీ లెక్క ప్రకారం జరిగేవి. పాలు తాగాక మంచం మీద పడుకోబెట్టి నా పని నేను చూసుకునేదాన్ని. కృప ఏడ్చేది తక్కువ. పక్కనే కుక్కరు కూత వేసినా, కింద లోయలో రైలు గట్టిగా అరిచినా కదలకుండా నిద్రపోయేది. ఫోన్లో అమ్మతో, “నీ మనవరాలి నిద్ర బంగారమే!” అని గర్వంగా చెప్పేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం కేంద్రంలో పిల్లలు వెళ్లిపోయాక బుద్రమ్మ గిన్నె నిండా పనసతొనలు పట్టుకొచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, చేతులకు పచ్చబొట్లు, నడిస్తే పాదాల చప్పుడు కూడా వినిపించదు. తొనలు నా చేతిలో పెట్టి పాప మంచం దగ్గర కూర్చుంది. కాసేపు పాపను, కాసేపు నన్ను చూసింది.

“ఏటి టీచరమ్మా, గుంటతో మాటాడవేటి?” అంది.

“దానికేం అర్థమవుతుంది బుద్రమ్మా? ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు.”

“అర్తమెందుకు? నీ మొకం సూత్తంది గదా. సూసే దానికి సూపించాల.”

ఆమె పాప ముఖానికి జానెడు దూరంలో తన ముఖం పెట్టింది. నాలుక బయట పెట్టి, లోపలికి లాక్కుంది. మళ్లీ పెట్టింది. తరవాత ఏమీ చేయకుండా కూర్చుంది. ఎంతసేపో కూర్చుంది. నాకు విసుగొచ్చి లేవబోతుంటే నా కొంగు పట్టుకుని ఆపింది. కృప పెదవులు మెల్లగా కదిలాయి. చిన్న నాలుక కొస బయటికి వచ్చింది. నా కూతురు ఒక మనిషికి జవాబు చెప్పడం అదే మొదటిసారి చూశాను. “నువ్వు అడిగేసి ఎల్లిపోతన్నావు. అది సెప్పే దాకా ఉండాల,” అంది బుద్రమ్మ. బళ్లో కూడా నేను అంతే అని ఆ క్షణం తట్టింది. ప్రశ్న అడిగి, మూడు లెక్కపెట్టే లోపు నేనే జవాబు చెప్పేసి బోర్డు మీద రాసేసే టీచరుని.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఆమె ఆటలకు పేర్లు లేవు, సామాను లేదు. తన కాళ్లు చాచుకుని, మోకాళ్ల మీద పాపను బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా నన్ను నేల మీద పడుకోమనేది. నా ముఖం చూడాలని కృప మెడ ఎత్తేది, రెండు క్షణాలు నిలబెట్టేది, టపీమని వాల్చేసేది. మేమిద్దరం నవ్వేవాళ్లం. నూనె రాస్తూ, “ఇది సెయ్యి, ఇది మోసెయ్యి, ఇది బొజ్జ” అని ఒంటి మీద ఊరు తిప్పేది. కాళ్లు రెండూ పట్టుకుని మెల్లగా పొట్ట దాకా మడిచి, చాపి, కొండెక్కిస్తున్నానని చెప్పేది. ఎర్ర గుడ్డ పీలిక ఒకటి పాప కళ్లముందు ఆ పక్క నుంచి ఈ పక్కకు నడిపించేది. కళ్లు గుడ్డ వెంట వస్తే మెచ్చుకునేది, అలిసిపోయి పాప ముఖం తిప్పుకుంటే వెంటనే ఆపేసేది. “సాలన్నాది. ఇంక వొగ్గేయాల,” అనేది. కొంగు చాటున ముఖం దాచుకుని, కొంచెం ఆగి బయటపడితే కృప కాళ్లు రెండూ గాల్లో తన్నేది. ఆ కాళ్లు తన్నడం చూడటానికి నేను మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేదాన్ని. ఆ ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పొద్దున్నే లేచి పాపకు ఎక్కాలు చెప్పేదాన్ని. నవ్వకండి, నాకు వచ్చిన పాట అదే.

నాలుగో నెల నడుస్తుండగా ఆమె ఒక ఎండు ఆనపబుర్ర తెచ్చింది. పిడికెడంత ఉంటుంది, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఎదురుగా ఊపితే కృప దాన్నే చూస్తూ చేతులు చాచింది. తరవాత బుద్రమ్మ పాప తల వెనక్కి వెళ్లి, నీడ పడకుండా పక్కకు జరిగి, మళ్లీ ఊపింది. కృప నా వైపే చూస్తూ నవ్వుతోంది. ఇంకా గట్టిగా ఊపింది. పాప రెప్ప కూడా వాల్చలేదు. బుద్రమ్మ బుర్రను కొంగులో చుట్టుకుంది. మర్నాడు పాప పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు ఒకసారి, ఆ మర్నాడు నిద్ర లేచినప్పుడు ఒకసారి అదే ఆట ఆడింది. కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి. ఐదో రోజున బుర్ర పక్కన పెట్టి, నన్ను కూర్చోమంది.

“టీచరమ్మా, కోపం తెచ్చుకోకు. గుంటకి ఇనపడతన్నట్టు నేదు. బేగి పెద్దాసుపత్రికి తీసుకెల్లు.”

నాలో ఏదో భగ్గుమంది. ఆ తరవాత నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. “అక్షరం ముక్క రాని దానివి, నువ్వు డాక్టరువా? నా బిడ్డకు లోపం అంటగడతావా? ఇంక మా గడప తొక్కకు,” అన్నాను. ఆమె పాపను మంచం మీద పడుకోబెట్టింది. పాప గుడ్డలు మడిచి పక్కన పెట్టి, వచ్చినట్టే చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం స్టీలు కంచం, గరిట తీసుకుని పాప వెనక నిలబడ్డాను. కొట్టాను. ఇంకోసారి కొట్టాను. పక్కింటి కుక్క మొరిగింది. కృప తన గుప్పిట్లోకి చూసుకుంటూ ఆడుకుంటూనే ఉంది. బంగారం అని మురిసిపోయిన నిద్ర గుర్తొచ్చి, కంచం పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం అదే వేళకు తలుపు దగ్గర బుద్రమ్మ నిలబడి ఉంది. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి పాపను ఒళ్లోకి తీసుకుంది.

“మళ్లీ ఎందుకొచ్చావు, అన్ని మాటలన్నాక?” అన్నాను.

“నువ్వు అన్నావు, గుంట అననేదు గదా,” అంది. మళ్లీ తనే చెప్పింది. “నాకో తమ్ముడుండీవోడు. ఇనపడదని నాలుగేళ్ల దాకా ఎవులికీ తెల్నేదు. మొండోడని కొట్టీవోలు. తెలిసినాక ఇంక మాటాడ్డం మానేసినారు. ఇనపడనోడితో మాటేటని. ఇరవై ఏళ్లు బతికినాడు, ఒక్క మాట ఎవులితోనూ నేకండా. నీ గుంటకి అలాగవ్వకూడదు.” ఆ మాటలంటూనే పాప అరచెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. తన ఇంటి భాష ఒడియాలో ఏదో మెల్లగా కూనిరాగం తీసింది. గొంతు అదురు చేతికి తగిలి కృప కళ్లు పెద్దవి చేసి ఆమె నోటి వైపు చూసింది.

మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. విశాఖపట్నం వెళ్లాం. పరీక్షలకు రెండు రోజులు పట్టింది. రెండు చెవులూ బాగా తక్కువ వింటున్నాయని, మిషన్లు పెడితే కొంత శబ్దం అందుతుందని డాక్టరు చెప్పింది. “ఇంత చిన్నప్పుడే తెచ్చారు, చాలా మంచిదైంది. చాలామంది మాటలు రాలేదని రెండేళ్లు దాటాక వస్తారు. ఎవరు గమనించారు?” అని అడిగింది. “నేనే,” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మా ఆయన నా వైపు చూశారు. తిరుగు రైల్లో టైడా స్టేషను దాటాక సొరంగాల చీకట్లో ఆ ‘నేనే’ నాకు మళ్లీ మళ్లీ వినిపించింది. ఇంటికి వచ్చీ రాగానే బుద్రమ్మకు ఆ సంగతి చెప్పేశాను. ఆమె పళ్లన్నీ కనబడేలా నవ్వింది. “నువ్వే గదా కంచం కొట్టి సూసినావు! నాను సెప్పితే డాకటేరు నమ్మునేటి? అది సరే, గుంటకి ఎప్పుడు పెడతారంట మిసన్లు, అది సెప్పు.”

ఆరో నెలలో చెవి మిషన్లు వచ్చాయి. పెట్టగానే తిరిగి చూస్తుందని నేను అనుకున్నాను. చూడలేదు. శబ్దం అంటే ఏమిటో పాప నేర్చుకోవాలని, రోజూ ఆడిస్తూ నేర్పమని అక్కడివాళ్లు చెప్పి పంపారు. మూడు వారాలు మేమిద్దరం బుర్ర ఊపాం, గిన్నెలు కొట్టాం, పేరు పెట్టి పిలిచాం. పిలవడం, ఆగడం. పిలవడం, ఆగడం. పాప మిషన్లు పీకి నోట్లో పెట్టుకునేది, మేము తీసి మళ్లీ పెట్టేవాళ్లం. నేను నిరాశపడిన రోజున బుద్రమ్మ మాత్రం పాపను అద్దం ముందు కూర్చోబెట్టుకుని బుగ్గలు పూరించి ఆడిస్తూ ఉండేది. “ఇనపడే దాకా ఊరికే ఉంటాదేటి? కళ్లున్నాయి, సేతులున్నాయి,” అనేది.

ఒక మధ్యాహ్నం పాప నా ఒళ్లో కూర్చుని గుడ్డ బంతి నలుపుతోంది. బుద్రమ్మ వెనక గదిలో చోడిపిండి జల్లిస్తోంది. పిండి ముక్కులోకి పోయి కాబోలు, ఇల్లదిరేలా తుమ్మింది. కృప చేతిలో బంతి ఆగింది. తల తిప్పింది. గది గుమ్మం వైపు, సరిగ్గా ఆ తుమ్ము వచ్చిన వైపే చూసింది. “బుద్రమ్మా, ఇంకోసారి తుమ్ము!” అని అరిచాను. ముఖమంతా పిండితో ఆమె గుమ్మంలోకి వచ్చింది. సంగతి అర్థమయ్యాక తుమ్మడానికి నానా తంటాలు పడింది గాని రాలేదు. దొంగ తుమ్ము తుమ్మింది. దానికీ కృప తిరిగి చూసింది. బుద్రమ్మ గుమ్మంలోనే చతికిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏళ్ల కిందట పోయిన తమ్ముడి పేరు ఆ రోజు మొదటిసారి నాకు చెప్పింది. సుక్రు.

ఇప్పుడు కృప నాలుగో తరగతి. ‘ర’ అక్షరం దగ్గర నాలుక కొంచెం తడబడుతుంది. అలసిపోతే చేతులతో మాట్లాడుతుంది, మాకు ఆ మాటలూ వచ్చు. బుద్రమ్మ బతికున్నంత కాలం సెలవు రోజుల్లో దాన్ని తన మెట్ట చెక్క దాకా తీసుకెళ్లి, ఏ పిట్ట ఏ చెట్టు మీద కూసిందో చెప్పమని పందెం కాసేది. ఓడిపోయేది ఎక్కువగా బుద్రమ్మే, నిజంగానో ఊరికేనో నాకు తెలియదు. నేను ఆమెకు ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పబోయినా మాట మార్చేసేది.

ఈ మధ్య మా బడిలో వంట చేసే అమ్మాయికి బిడ్డ పుట్టాడు. ఐదు నెలలవాడు. ఒళ్లోకి తీసుకుని ఆడిస్తుంటే వాడి కళ్లు నా ముఖం మీద నిలవడం లేదని, నేను నడిపిస్తున్న చేతి వెంట రావడం లేదని గమనించాను. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజున, నీళ్లు నములుతూనే, వాళ్లమ్మకు చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. బిడ్డను నా ఒళ్లోంచి లాక్కుని, “మీ పిల్లకి ఉందని అందరి పిల్లలకీ ఉంటాదేటి?” అని వెళ్లిపోయింది. నాకు కోపం రాలేదు. రాలేదంటే అది నా గొప్పతనం కాదు. ఆ కోపం లోపలి భయం ఎంత ఉంటుందో నేను ఎరుగుదును. ఆ రోజంతా బోర్డు మీద లెక్కలు తప్పులు రాశాను. మర్నాడు బడి వదిలాక వాళ్లింటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, బిడ్డను ఆడిస్తానని అడిగాను. ఆమె చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. తరవాత పక్కకు జరిగి దారి ఇచ్చింది.