సరుగుడు తోపుల్లో లాంచ్ కంట్రోల్

ఆ రోజుల్లో కార్ల గురించి నాకు తెలియని సంగతి లేదని నేను నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఉన్నది లోకంలో నా ఒక్కడికే. నెల్లూరు బైపాస్ పక్కన ఒక కార్ల వర్క్‌షాపులో చేరి అప్పటికి ఐదున్నర నెలలైంది. ఆరు నిండితే ఉద్యోగం ఖాయం చేస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపుతారు. మా మేనేజరు మీసం ఒక్కో పక్క మూరెడు ఉండేది (కొలవబోయినవాడు మళ్ళీ కనిపించలేదు). ఆయన దాన్ని మెలితిప్పాడంటే ఆ పూట ఎవడిదో ఉద్యోగం ఊడినట్టే. నన్ను అక్కడ పెట్టించింది ఆ షాపు పెద్ద మెకానిక్కు ఆయిలన్న. ఆయన చొక్కా పిండితే రెండు లారీల ఇంజన్లకు సరిపడా ఆయిలు వచ్చేది కనుక ఆ పేరు. "వీడికి నేను పూచీ సార్" అని మేనేజరుకు మాట ఇచ్చాడు పాపం. అంటే నేను మునిగితే ఆయన పరువు కూడా నాతోపాటే మునుగుతుంది.

సరిగ్గా అలాంటప్పుడు కొడవలూరు పెద్దాయన కారు వచ్చింది. ఆయనకు కొడవలూరులో వరి పొలాలు, సముద్రం ఒడ్డున రొయ్యల గుంటలు. తెల్ల పంచె, మెత్తటి గొంతు. ఆయన కారు నడుపుతుంటే సైకిలువాళ్ళు దాటిపోతూ నమస్కారం పెట్టి, క్షేమ సమాచారాలు అడిగి, జవాబు విని మరీ వెళ్ళేవారు. కారు మాత్రం చిరుతపులి. కొని ఏడాది కూడా కాలేదు. "బండి ఎత్తుకునేటప్పుడు వణుకుతుండాది నాయనా, చలిజొరం వొచ్చినట్టు" అన్నాడాయన. ఇంత నిదానస్తుడి చేతిలో ఇంత కొత్త కారుకు జ్వరమెందుకు వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ కారుతో ఇచ్చిన పుస్తకాన్ని (రుబ్బురోలంత బరువు) నేను రాత్రింబవళ్ళు చదివాను. అందులో లాంచ్ కంట్రోల్ అని ఒక పేజీ ఉంది. ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, కుడి కాలితో యాక్సిలరేటరు అడుగంటా నొక్కాలి. కారులోని కంప్యూటరు ఇంజనును ఒకే వేగంలో గర్జింపజేస్తూ ఆపి ఉంచుతుంది. బ్రేకు వదలగానే చక్రాలు ఒకచోటే గిర్రున తిరక్కుండా చూసుకుంటూ, ఉన్న బలమంతా ఒక్కసారిగా రోడ్డు మీద పెడుతుంది. అంత బలమూ ముందుగా ఇంజనును గేర్లకు కలిపే క్లచ్ పళ్ళేల మీద పడి అవి పెనంలా కాలుతాయి. తరువాత గేర్లు, యాక్సిళ్ళు, ఇంజనును పట్టుకున్న రబ్బర్లు, టైర్లు వరసగా తన్నులు తింటాయి. మాటిమాటికీ చేయవద్దని పేజీ చివర హెచ్చరిక ఉంది. ఆ పేజీ చివరిదాకా చదివే ఓపిక నాకు లేకపోయింది.

"ఊరవతల ఒక్క చుట్టు తిప్పి వణుకు చూసొద్దాం రా" అని ఆయిలన్న పక్కన కూర్చున్నాడు. నేను ఆ ఒక్క చుట్టును సముద్రం దాకా లాగాను. మిట్టమధ్యాహ్నం. రెండు పక్కలా ఎండగట్టిన రొయ్యల గుంటలు, వాటి వెనక సరుగుడు తోపులు, మధ్యలో తిన్నటి రోడ్డు. మనిషి జాడ లేదు, కాకి కూడా లేదు. గాలి ఆగిపోయినా సరుగుడు చెట్లు మాత్రం ఎవరో చెవిలో రహస్యం చెబుతున్నట్టు ఉస్సుమంటూనే ఉన్నాయి. రోడ్డు మీద రెండు నల్లటి చారలు. ఎక్కడినుంచీ రాకుండా ఉన్నట్టుండి మొదలై, కొంతదూరం పోయి మాయమయ్యాయి. పక్కనే ఇంకో జత, దాని పక్కన మరొకటి.

"ఏందన్నా ఇవి?"

"టైరు గుర్తులే గానీ..." ఆయిలన్న గొంతు తగ్గింది. "బండి ఆకాశంలో నుంచి దిగినట్టుండాదే! పోదాం పారా అబ్బయా."

నేను పోలేదు. కారును ఆ చారలు మొదలైన చోటే నిలిపి రెండు కాళ్ళూ తొక్కాను. ఇంజను ఒకే స్థాయిలో ఊళపెట్టింది. కారు కదలదు, కానీ కింద ఏదో నడుం వంచి పొంచి ఉన్నట్టు వణుకుతోంది. బ్రేకు వదిలాను. ఆయిలన్న జేబులో స్పానరు వెనక సీట్లోకి ఎగిరింది (ఆయన ప్రాణం డిక్కీలోకి వెళ్ళిందని నా అంచనా). "ప్రభువా! చాల్రా సామీ!" అని ఆయన మొత్తుకుంటున్నా మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. నాలుగోసారికి గుప్పుమని కాలిన వాసన. గేర్‌బాక్సు వేడెక్కింది, ఆపు, అని అద్దం కింద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తోందిగానీ చక్రం కదలదు.

ఇంజను ఆపి తాళం చేతిలోకి తీసుకుని దిగాం. నిశ్శబ్దం. అంతలో, తాళం నా గుప్పిట్లో ఉండగానే, కారు ముందుభాగంలోంచి బుసకొడుతూ ఏదో లేచింది.

"ఎవుర్రా లోపలుండేది?" అన్నాడు ఆయిలన్న, నా వెనక దాక్కుంటూ.

వేడి తగ్గించడానికి ఫ్యాను దానంతటదే తిరుగుతుందని పదివేల మందికి చెప్పిన మనిషి ఆయన. ఆ సరుగుడు తోపుల మధ్య ఆ పదివేల మందిలో ఒక్కరూ ఆయనకు గుర్తు రాలేదు. ఫ్యాను ఆగాక ఇంకో చప్పుడు మొదలైంది. టక్... టక్... లోపలినుంచి గోటితో కొడుతున్నట్టు. చల్లబడే ఇనుము అలాగే కొట్టుకుంటుంది, నిజమే. ఆ మాట అప్పుడు మా ఇద్దరిలో ఎవరు ఎవరికి చెప్పాలి? అరగంట (రెండు యుగాలు) ఎండలో నిలబడ్డాం. ఆ తరువాత కారు ఏమీ ఎరగనట్టు కదిలింది.

వర్క్‌షాపులో పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేనేజరు కంప్యూటరు కేబుల్ కారుకు తగిలించాడు. గేర్‌బాక్సు అన్నీ గుర్తుపెట్టుకుంటుందని నాకు తెలియదు.

"లాంచ్ కంట్రోల్ వాడినావా?"

"ఒక్కసారి సార్" అన్నాను. జీవితంలో ఒక అంకెను తగ్గించి చెప్పింది అదే మొదలు. ఆయిలన్న నా నడుం గిల్లాడు. "నాలుగు సార్" అని దిద్దుకున్నాను.

"ఇరవై ఏడు చూపిస్తుండాది!" మీసం మెలితిరిగింది. "ఒక్క మధ్యాన్నంలో ఇరవై ఏడా? ఇద్దరూ రేపట్నుంచి రాబాకండి."

ఎంత పెంచి చెప్పేవాణ్ణయినా ఇరవై ఏడు అనే ధైర్యం నాకే లేదు. నాలుగు మావి. మరి ఇరవై మూడుసార్లు ఆ సీట్లో కూర్చున్నది ఎవరు? ఆయిలన్న శిలువ గుర్తు వేసుకున్నాడు. నేను హనుమంతుణ్ణి పిలిచాను.

కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించింది. "అబ్బాయి నాలుగన్నాడు గదా, నాలుగే. మిగతాయి నాయి."

మీసం ఉన్నచోటే ఆగిపోయింది.

"తెల్లారి గుంటల కాడికి పోతా గదా, అప్పుడు ఆ రోడ్డు మీద ఎవురూ ఉండరు" అన్నాడు పెద్దాయన నేల చూస్తూ. "అరవై ఏండ్లు నిదానంగానే పోయినా నాయనా." తరువాత మేనేజరు వైపు తిరిగి, "ఇంట్లో మాత్రం చెప్పబాకండి. ఈ పిల్లోళ్ళని పన్లోంచి పంపించినావంటే ఈ బండి నీ కాడ ఇంక చూపించను" అన్నాడు.

క్లచ్ మార్చాం. నా ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు ఆ కేబుల్ తగిలించేది నేనే. మీసం నాకూ ఉంది, తెల్లబడింది. అంకె పెద్దదిగా కనబడినప్పుడు ఎదురుగా ఉన్న తల వంక చూస్తాను. నల్లటి తలైతే మా పాత మేనేజరు గొంతుతో గంటసేపు చీవాట్లు పెడతాను. నెరిసిన తలైతే స్క్రీను కొంచెం నా వైపుకు తిప్పుకుని, "క్లచ్ అరిగిందండీ, మన నెల్లూరు ఎండలకి" అంటాను. అవతలి మనిషి, "అవునవును, ఎండలు ఎక్కువైపోయినాయి" అంటాడు. ఇద్దరం బయటి ఎండ వంక, చాలా సీరియస్‌గా, కాసేపు చూస్తాం.