టిక్కీలు తొక్కిన కాళ్ళు

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ, ఊరి చివర కొత్తగా లేచిన కోల్డ్ స్టోరేజీ గోడకి కట్టిన ఫ్లెక్సీ దగ్గర ఆగిపోయాను. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఏదో సంబరం చేస్తున్నారట, ఇన్నేళ్ళలో పేరు తెచ్చిన స్ట్రైకర్లందరి బొమ్మలూ వేశారు. మా రోజుల్లో ఆ మాట లేదు, ఫార్వర్డ్ అనేవాళ్ళం. మా అమ్మయితే ఏకంగా గోలు కొట్టేవాడు అనేది. ఒక్కో మొహమూ చూసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి పోయాను. అందులో మా అన్నయ్య లేడు.

ఆ గోడ ఉన్న చోటే ఒకప్పుడు గ్రౌండు. క్లబ్బు ప్రెసిడెంటుగారి సొంత చెలక అది, ఆయనది మిరపకాయల వ్యాపారం. కోతలు మొదలైతే సగం గ్రౌండు ఆయన కల్లమైపోయేది, ఎర్రగా పరిచిన కాయ పక్కనే బంతాట. ఆ ఘాటంతా మట్టిలో ఉండిపోయేది కాబట్టి బయటూరి ఆటగాళ్ళు కిందపడితే కళ్ళు మండి లేవలేకపోయేవాళ్ళు, మావాళ్ళు మాత్రం ముక్కు తుడుచుకుని గోలు కొట్టి వచ్చేవాళ్ళు. గట్టు మీద కూర్చున్న మేం ఆడపిల్లలం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

నాకు తెలిసిన మొదటి ఫార్వర్డ్ మా బాబాయి. పంచె ఎగ్గట్టి, ఒట్టి కాళ్ళతో, నోట్లో చుట్ట తియ్యకుండా పరిగెత్తేవాడు, గోలు పడ్డాకే పొగ వదిలేవాడు. ఆయన తర్వాత ఒకేసారి ఇద్దరు వచ్చారు. ఒకరు ప్రెసిడెంటుగారి మేనల్లుడు. ఆ అబ్బాయి ఆట చెడ్డదని నేననను, చేప జారినట్టు జారిపోయేవాడు. రెండోవాడు మా అన్నయ్య. వాడు తంతే బంతి ఆపిన గోలీ అరచేతులు ఊదుకుంటూ నిలబడేవాడు. అంత బలం ఎక్కడిదంటే, మిరపకాయ టిక్కీల్లోకి ఎత్తేటప్పుడు గోతంలో దిగి కాళ్ళతో తొక్కి తొక్కి కూరాలి కదా, ప్రెసిడెంటుగారి కల్లంలో కూలికి ఆ పని వాడిలా చేసేవాడు ఊళ్ళో లేడు.

సత్తెనపల్లి జట్టుతో ఫైనలాట నాటి సంగతి. రైల్వే జట్టు పెద్దాయన ఒకరు మా అన్నయ్య ఆట చూడ్డానికే వస్తున్నానని కబురు పెట్టాడు, నచ్చితే ఉద్యోగం. మా ఇంట్లో అంతవరకూ నెల జీతం మొహం చూసినవాళ్ళు లేరు. అమ్మ ముందురోజే వాడి చొక్కా ఉతికి, చెంబులో నిప్పులేసి ఇస్త్రీ చేసి, దండెం మీద వేసి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తెల్లారేసరికి పడమటి నుంచి మబ్బు కమ్మింది. ప్రెసిడెంటుగారు మా గుమ్మంలో నిలబడి కేకేశారు.

"ఒరేయ్, లెగరా! వానొస్తే కాయంతా తాలైపోద్ది. నువ్వు దిగితేనే టిక్కీలు తెమిలేది."

"అయ్యా, ఇయ్యాల వాడికి ఆటండీ, ఆ పెద్దాయన వస్తన్నాడు," అంది అమ్మ.

"ఆట సాయంత్రం కదమ్మా! కాయ ఎత్తకపోతే ఆడేదెక్కడ, నీ వంటింట్లోనా?"

అన్నయ్య ఆయన వెనకే వెళ్ళాడు. పొద్దు నడినెత్తికొచ్చేదాకా గోతాల్లో దిగుతూనే ఉన్నాడు. మేనల్లుడు మాత్రం చల్లగా ఇంట్లో పడుకున్నాడు, వాణ్ణి లేపాలని ఎవరికి తోస్తుంది? అన్నయ్య ఇంటికొచ్చేసరికి పిక్కలు రాళ్ళయిపోయాయి, పాదాలు మంట. అమ్మ మజ్జిగ పోసి కడుగుతూ ఏడ్చింది.

సాయంత్రం బంతి వాడి ముందుకి బంగారంలా వచ్చింది. ఎదురుగా గోలీ తప్ప ఎవరూ లేరు. అన్నయ్య కాలు వెనక్కి లాగాడు, లాగిన కాలు అలాగే బిగుసుకుపోయి కూలబడ్డాడు. "టిక్కీ అనుకుని తొక్కబోయాడ్రోయ్!" అని ఎవరో అరిస్తే గ్రౌండంతా నవ్వింది. ఆ దొర్లిపోతున్న బంతినే మేనల్లుడు అందుకుని గోలు కొట్టాడు. పెద్దాయన ఆ అబ్బాయి పేరు అడిగి తెలుసుకుని వెళ్ళాడు.

ఆ రాత్రి దాకా చూశాం. చినుకు పడలేదు.

ఆ రైల్వే ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన మేనల్లుడే ఇప్పుడు క్లబ్బుకి ప్రెసిడెంటు, ఫ్లెక్సీ మీద అందరికంటే పెద్ద బొమ్మ. మా అన్నయ్య అదే కల్లంలో మోకాళ్ళు అరిగేదాకా తొక్కి మంచమెక్కాడు. ఇంటికెళ్ళి, నీ బొమ్మ వెయ్యలేదన్నయ్యా అని కోపంగా చెప్పాను.

"వాడి మొహం బాగా పడిందటే?" అన్నాడు. దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని, "ఆ రోజు వాన పడలేదు చూడవే," అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు ఆ సంగతి ఎత్తడం అదే మొదలు.

ఇప్పుడు టార్పాలిన్లున్నాయి, కోల్డ్ స్టోరేజీలున్నాయి, మబ్బు పడితే గోతాల్లో దిగడానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. ఆడుకునే కుర్రాళ్ళ కాళ్ళు ఇప్పుడు వాళ్ళవే, ఆడటానికి గ్రౌండే లేదు. ఊళ్ళో అందరూ ఆ రోజు పడని వానని మర్చిపోయారు గానీ, పడమట నల్లబడితే మా అన్నయ్య ఇప్పటికీ మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు. పడుతుందేమోనని చూస్తాడు.